వికర్ణుడి వేషం మన పిల్లలకు ఇద్దాం

ఈసారి రాసే వంతు నాది. ముందే ఒక మాట. నా చదువంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక అత్తయ్య దగ్గర నేర్చుకున్నా. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కాబట్టి చదవడం తొందరగానే వచ్చింది. రాసేటప్పుడు మాత్రం తలకట్టు దగ్గర కన్నడ వచ్చి కూర్చుంటుంది. తప్పులు కనబడితే ఫోన్ చేసి చెప్పండి, నవ్వుకోకండి.

విషయం ఉగాది ప్రోగ్రాం. మన గ్రూప్‌లో ఉన్నవాళ్లకు పది రోజుల నుంచి నడుస్తున్న గొడవ తెలిసిందే. షోలాపూర్, ముంబై, సూరత్ నుంచి ఈ పేజీలు చదివే తెలుగువాళ్లకు మాత్రం కొంచెం చెప్పాలి. మాది బీదర్ జిల్లా మంగళగి. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, జహీరాబాద్ బీదర్ జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది నవంబర్ 1న రాష్ట్రాలు విడిపోయినప్పుడు జహీరాబాద్ అటు పోయింది, మేం ఇటు ఉండిపోయాం. తాతలు ఊరు మారలేదు, హద్దు మారింది. ప్రతి ఉగాదికి ఎక్కడెక్కడి వాళ్లం ఇంటికొస్తాం. సాయంత్రం అంగట్లో పిల్లలు ఏదో ఒకటి ఆడతారు. ఇన్నేళ్లూ అది సినిమా పాటకు డాన్సే.

ఈసారి పిల్లలకు మనమే ఏదన్నా సంగీత నాటకం కడదాం అన్నా. పాటలు, మధ్యలో మాటలు, ఒక డోలక్, అంతే. దేని మీద కడదామో మీరే చెప్పండని పదకొండు మంది పిల్లల్ని కూర్చోబెట్టి అడిగా. చెట్లు, నీళ్లు, ప్లాస్టిక్ అంటారనుకున్నా. బళ్లో చెప్పే విషయాలు అవే కదా. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు మెల్లగా "ఫోన్‌లో బెట్టింగ్" అన్నాడు. మిగతావాళ్లు వాడి మొహం చూసి, తర్వాత అందరూ అదే అన్నారు.

ఆ పిల్లవాడు ఎవరి కొడుకో మన ఇంట్లో అందరికీ తెలుసు. ఆ అన్న రమ్మీ యాప్‌లో, క్రికెట్ పందేల్లో ఎంత పోగొట్టుకున్నాడో, రోడ్డు పక్క చేను ఎందుకు అమ్మాల్సి వచ్చిందో కూడా తెలుసు. తెలిసినా రెండేళ్లుగా ఎవరం పైకి అనం. అన్నం తినేటప్పుడు ఆ మాట వస్తే ఎవరో ఒకరు పెరుగు అడుగుతారు.

చిన్నాయన వెంటనే వద్దన్నాడు. "పండగ పూట ఏడుపు నాటకం ఎందుకు బిడ్డా? ఇంటి గుట్టు అంగట్ల పెడతమా? పిల్లల నోటితోని పెద్దల తప్పులు చెప్పిస్తే రేపు వాళ్లకు భయం భక్తి ఉంటదా?" ఆయన మాటలో నిజం లేదని నేను అనను. ఆయన కోపం వెనక అన్న మీద ప్రేమే ఉంది. అయినా ఈ నాటకం పడాలనే నేనంటాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బళ్లో గ్యాదరింగ్‌కు బాల్యవివాహం మీద కన్నడలో ఒక పాటల నాటకం వేయించారు. నేను పెళ్లికూతురి తండ్రిని. కాటుకతో మీసం, మామయ్య పటకా. రిహార్సల్లో సార్ నన్ను ఆపి, "నీ బిడ్డకు ఇప్పుడే పెళ్లెందుకు చేస్తున్నావు?" అని అడిగారు. కాగితంలో రాసింది చెప్పా. "అది రాసింది. నిజంగా ఎందుకు?" అని మళ్లీ అడిగారు. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది: "వయసు పెరిగితే కట్నం పెరుగుతుంది." సార్ కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ మాటను నాటకంలో పెట్టేశారు.

ఆ రోజు నేను ఆ మాట అనగానే జనం ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ మాట నీకెవరు నేర్పిండ్రే?" అని అడిగింది. "నువ్వే" అన్నా. ఇంటిదాకా ఆమె ఇంకేం మాట్లాడలేదు.

నాతో పెళ్లికూతురి వేషం వేసిన అమ్మాయికి పదో తరగతి కాకముందే నిజంగానే పెళ్లి చేశారు. ఆ నాటకం ఆమెను కాపాడలేదు. ఈ సంగతి దాచిపెట్టి నాటకాల గొప్ప చెప్పడం నాకు ఇష్టం లేదు. పోయిన ఏడు హుమ్నాబాద్‌లో ఒక పెళ్లిలో ఆమె కలిసింది. కూతురు పీయూసీ చదువుతోందట. సంబంధాలు వస్తే ఆమే అడ్డం నిలబడిందట. హాస్టల్ దొరికింది, భర్త కూడా సరేనన్నాడు, అందుకే కుదిరిందని చెప్పింది. తర్వాత ఆ పాత పాట మొదటి నుంచి చివరిదాకా పాడి వినిపించి, "అప్పుడు నాకు అడగడం రాలే. అడగొచ్చని మాత్రం తెలిసింది" అన్నది. నాకు ఆ మాట చాలు.

చూసినవాళ్లు మారతారని మనం నాటకాలు వేయిస్తాం. చూసినవాళ్లు ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటారు. వేసినవాళ్లకు మాత్రం నెల రోజుల రిహార్సల్ ఉంటుంది. ఒకే మాటను వంద సార్లు అనాలి. అది ఎందుకంటున్నామో ఏదో ఒక రోజు తగులుతుంది. గాంధీగారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, ఆ తర్వాత దాన్ని తన మనసులోనే లెక్కలేనన్ని సార్లు ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. ఒకసారి చూసి ఊరుకుంటే అంత పట్టేది కాదేమో.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇలా నొక్కితే ఏమవుతుంది, అలా నొక్కితే ఏమవుతుంది అని అడగడమే పని. తప్పు చూపిస్తే రాసినవాళ్లకు కోపం వస్తుంది. కానీ కస్టమర్ చేతికి పోకముందు దొరికిన తప్పుకు ఖర్చు తక్కువ. పిల్లలకు రిహార్సల్ కూడా అలాంటిదే. పందెం కాసేవాడి వేషం వేసి, అప్పు ఎలా మొదలవుతుందో, మొదటి అబద్ధం ఇంట్లో ఎవరికి చెప్తాడో నెల రోజులు ఆడి చూసిన పిల్లవాడికి, రేపు నిజంగా ఫోన్‌లో ఆ గుర్తు కనబడినప్పుడు కొంచెమైనా ముందే తెలిసి ఉంటుంది.

ఇదేం కొత్తగా నేను కనిపెట్టింది కాదు. మన తెలుగు నాటకం చరిత్రంతా ఇదే. గురజాడగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. ఆ ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. అప్పటి విశాఖ జిల్లాలో మూడేళ్లలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లు 1034 అని మహారాజు తయారు చేయించిన జాబితా. కాళ్లకూరి నారాయణరావుగారు వరకట్నం మీద వరవిక్రయం రాసి వందేళ్లయింది. పద్యాలతో ఊరూరా ఆడారు. 1939లో అది సినిమా అయింది, భానుమతిగారికి అదే మొదటి సినిమా. అందులో కట్నం కోసం అప్పుల్లో పడే తండ్రిని చూసి పెద్ద కూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. ఆ రోజుల్లో కూడా చిన్నాయనలాంటి వాళ్లు "ఏడుపు నాటకం" అనే ఉంటారు.

ఇంకొకటి, ఇది మనలాంటి వాళ్లు గర్వంగా చెప్పుకోవలసింది. తెలుగు నాటకానికి పాటా పద్యం తెచ్చిపెట్టినవాళ్లలో ముఖ్యుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు. ఆయన సరస వినోదిని సభ పెట్టింది 1886లో, బళ్లారిలో. ఆయన తర్వాత వచ్చిన గొప్ప నటుడు బళ్లారి రాఘవగారు. తెలుగూ కన్నడా రెండూ మాట్లాడే ఊళ్లో పెరిగి, ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, వాళ్లను రంగస్థలం మీదికి తెచ్చారు. అప్పట్లో అది ఎంత గొడవో ఊహించుకోండి. బళ్లారి ఇప్పుడు కర్ణాటక. అంటే హద్దుల మీద ఉన్న ఊళ్లోనే తెలుగు నాటకం పెద్దదైంది. మన మంగళగి అంగట్లో మన పిల్లలు తెలుగులో పాడితే అది ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది అవదు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఆ పదకొండు మందిలో తెలుగు చదవగలిగేవాళ్లు ఇద్దరే. కొందరు కన్నడ మీడియం, కొందరు ఇంగ్లీషు మీడియం. పుస్తకం ఇస్తే తెలుగు రాదు. పాట ఇస్తే వారంలో నోటికొస్తుంది. పాల్కురికి సోమనాథుడు మన జిల్లా బసవకల్యాణంలో బతికిన బసవన్న కథను బసవపురాణంగా తెలుగులో రాసినప్పుడు, నలుగురూ కలిసి పాడుకునే ద్విపదలో రాశాడు. 1369లో భీమకవి దాన్ని కన్నడం చేశాడు. అక్షరం రానివాళ్ల దగ్గరికి కథ పాటగానే పోతుందని ఆయనకు తెలుసు. మనం ఎనిమిది వందల ఏళ్ల తర్వాత పిల్లలకు యాప్‌లో తెలుగు నేర్పుదామా అని చూస్తున్నాం.

పాట వల్ల పని జరుగుతుందా అని అడిగేవాళ్లకు నెల్లూరు సంగతి చెప్తా. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడి, చిన్న నాటికలు వేసి జనాన్ని రాత్రి బడికి పిలిచాయి. ఆ బడి పాఠాల్లో సారా వల్ల చెడిపోయిన సంసారాల కథలు కూడా ఉన్నాయి. దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. పాట ఒక్కటే సారాను ఆపిందని నేననను. ఆడవాళ్లు దుకాణాల ముందు కూర్చుని, తిట్లు పడి ఆపారు. ఎవరింట్లో వాళ్లు నోరు మూసుకుని పడుతున్న బాధ పక్కింట్లో కూడా ఉందని పాటలో, పాఠంలో తెలిసింది. అక్కడి నుంచి అడుగు పడింది. ఫోన్ జూదం కూడా అలాంటిదే. ప్రతి ఇంట్లో అది మా ఒక్క ఇంటి సిగ్గే అనుకుంటారు.

ఇప్పుడు భయం గురించి. చిన్నాయన పైకి అనకపోయినా, బీదర్ వాళ్లకు బడి నాటకం అంటే ఇంకో భయం ఉంది. 2020 జనవరిలో బీదర్‌లోని షాహీన్ స్కూల్లో పిల్లలు పౌరసత్వ సవరణ చట్టం మీద నాటిక వేశారు. రాజద్రోహం కేసు పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్‌నూ, ఒక విద్యార్థిని తల్లినీ అరెస్ట్ చేశారు. పిల్లల్ని పోలీసులు మళ్లీ మళ్లీ ప్రశ్నించారు. యూనిఫాంలో, ఆయుధాలతో పిల్లల్ని ప్రశ్నించడం తప్పని 2021లో హైకోర్టు అన్నది. 2023 జూన్‌లో హైకోర్టు కలబురగి బెంచ్ కేసునే కొట్టేసింది. అదే తీర్పులో, ప్రభుత్వ విధానాల విమర్శకు పిల్లల్ని దూరంగా ఉంచడం బడులకు మంచిదని కూడా చెప్పింది.

ఆ చట్టం మీద మన ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి, ఇక్కడ దాని జోలికి పోను. కానీ పిల్లలు వేసిన నాటకానికి ఒక తల్లి జైలుకు పోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత నాకు తెలిసిన ఇళ్లలో చాలామంది "ఎందుకొచ్చిన తలనొప్పి, డాన్సులు చేయించండి" అనడం మొదలుపెట్టారు. డాన్సు మీద నాకు కోపం లేదు. కానీ భయపడి డాన్సు చేయించడం వేరు, ఇష్టపడి చేయించడం వేరు.

ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఇది: నాటకం వేసినందుకు వచ్చే కష్టం పిల్లల మీద పడకుండా పెద్దలు ముందు నిలబడాలి. ఇంకొకటి, మన కొట్లాటల్ని పిల్లల నోట్లో పెట్టకూడదు. వాళ్లకే పుట్టిన ప్రశ్న అయితే, దాన్ని వాళ్ల నోటి నుంచి గుంజుకోకూడదు. బెట్టింగ్ మాట నేను పెట్టింది కాదు. ఆ పిల్లవాడు దాన్ని రెండేళ్లుగా మోస్తున్నాడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. మంచిదే. కానీ అన్న చేను తిరిగి రాలేదు. ఆ ఇంట్లో ఫోన్ మోగితే ఆ పిల్లవాడు ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. చట్టం అంత దూరం రాలేదు.

చిన్నాయనా, ఇప్పుడు నీతోనే మాట్లాడుతున్నా. మన వైపు జాతరలో ద్రౌపదీ వస్త్రాపహరణం పడితే తెల్లవార్లూ కూర్చుంటావు. ధర్మరాజు రాజ్యం ఒడ్డాడు, తమ్ముళ్లను ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, చివరికి భార్యను ఒడ్డాడు. అది ఏడుపు నాటకం అని ఒక్కసారి కూడా అనలేదు. అందులో పాచికలు తీసేసి ఫోన్ పెడితే చాలు, పిల్లలు అడుగుతున్న నాటకం అదే.

ఆ కథలో నీకు గుర్తుండే ఉంటుంది. ద్రౌపది సభలో ప్రశ్న అడిగింది. తనను తాను ముందు ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని. భీష్ముడు ధర్మం సూక్ష్మం అన్నాడు. మిగతా పెద్దలు తల దించుకున్నారు. కౌరవుల్లోనే చిన్నవాడు వికర్ణుడు లేచాడు. వేట, తాగుడు, జూదం, ఆడవాళ్ల పిచ్చి, ఈ వ్యసనాల్లో పడినవాడు చేసిన పని చెల్లదన్నాడు. అప్పుడు కర్ణుడు ఏమన్నాడు? చిన్నవాడివి, పెద్దవాళ్ల సభలో పెద్ద మాటలెందుకు అన్నాడు. గ్రూప్‌లో నువ్వు పెట్టిన మెసేజ్ మళ్లీ ఒకసారి చదువుకో.

నేను నిన్ను కర్ణుడు అనడం లేదు. నీ భయం నాకు అర్థమైంది కాబట్టి కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం.

నాటకంలో మన ఇంటి పేరు, చేను, ఊరు ఏవీ ఉండవు. పందెం కాసేవాడిని రాక్షసుడిని చేయం. వాడు నవ్వుతాడు, పిల్లలకు మిఠాయి తెస్తాడు, గెలిచిన రోజు అందరికీ మంచివాడే. లేకపోతే అది అబద్ధం అవుతుంది. నీతి వాక్యం చెప్పి ముగించం. చివర ఒక ప్రశ్న అడిగి ఆపేస్తాం. ప్రైజులు ఉండవు. అయిపోయాక డప్పూ డోలక్ పక్కన పెట్టి పది నిమిషాలు అందరం అక్కడే కూర్చుంటాం. మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడతారు, లేకపోతే ఊరికే కూర్చుంటాం. పరీక్షలైపోయాకే నాటకం ఎక్కువ నేర్పుతాం, ముందు రోజుకు అరగంట చాలు.

పద్ధతి బుర్రకథ అయితే మేలని నా ఆలోచన. తెర అక్కర్లేదు, సెట్టు అక్కర్లేదు. మధ్యలో కథ చెప్పేవాళ్లు ఒకరు తంబురాతో, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత ఇప్పటి సంగతులు అడుగుతాడు. షేక్ నాజర్‌గారు ఆ కళతో ఊళ్లను కట్టిపడేశారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే కష్టమైన ప్రశ్న ఒక్కరి మీద పడదు. ఒకరు చెప్తుంటే ఇంకొకరు "ఆహా, అట్లనా?" అని తోడుంటారు. మూడు మూడుగా విడగొట్టి మార్చి మార్చి ఆడిస్తే అందరికీ వంతు వస్తుంది. ఒక వంత కన్నడలో అడిగినా మన వైపు ఎవరికీ ఇబ్బంది లేదు. కొత్తగా పెళ్లై వచ్చిన కోడళ్లకు కూడా అర్థమవుతుంది.

చివరిగా ఒకటి. అడగకుండా చేయడం తప్పు కాబట్టి నేను అన్న దగ్గరికే పోయా. మొత్తం చెప్పా, వద్దంటే వద్దని కూడా చెప్పా. అన్న చాలాసేపు గేదెకు గడ్డి వేస్తూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు: "నా పేరు పెట్టకుర్రి. కానీ అప్పోళ్ల ఫోను రాత్రి ఎట్ల మోగేదో, అది పెట్టుర్రి. అది ఎవ్వరికి తెల్వదు." గేటు దాకా వచ్చి, "మా వాడికి ఆ పందెం కాసేవాడి వేషం ఇయ్యకు" అన్నాడు.

ఇవ్వం అన్నా. వాడు ఏ వేషం అడిగాడో మాత్రం అన్నకు ఇంకా చెప్పలేదు. వికర్ణుడి వేషం కావాలట.

ఉగాదికి ఇంకా ఆరు వారాలుంది. డక్కీలు దొరికే చోటు తెలిసినవాళ్లు చెప్పండి. చిన్నాయనా, మన ఇంట్లో తంబురా పట్టుకోవడం వచ్చింది నీకొక్కడికే.